నాయనమ్మ బొమ్మ గురించి నాన్నకి

గ్లాస్గో
17 నవంబరు 2024, ఆదివారం

నాన్నా,

నేను ఇక్కడ క్షేమం. మీరంతా బాగున్నారనుకుంటున్నాను. ఫోన్లో చెబుదామంటే సగంలో అమ్మ లాక్కుంటుంది, లేదంటే నాకే గొంతు పట్టేస్తుంది, అందుకని రాస్తున్నాను. తమ్ముడి ఫోనుకి పంపుతాను, వాణ్ణి ప్రింటు తీయించి ఇమ్మను. నువ్వు కళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని తీరిగ్గా చదువు. అమ్మకి తర్వాత నువ్వే చెప్పు, తనకి ఎలా చెప్పాలో నీకే తెలుసు.

ముందు అమ్మ అడిగినవి చెప్పేస్తాను. తింటున్నాను. చలి ఉంది కానీ అమ్మ అనుకునేంత కాదు, ఇక్కడ అసలు బాధ చలి కాదు, వాన. మన వానలా వచ్చి కొట్టేసి పోదు, రోజంతా ఎవరో పైనుంచి తడిగుడ్డ పిండుతున్నట్టు పడుతూనే ఉంటుంది. నాలుగింటికే చీకటి పడిపోతోంది. కేఫ్‌లో పని బాగానే ఉంది, చదువుకోడానికి వచ్చిన మమ్మల్ని వారానికి 20 గంటలకి మించి చేయనివ్వరు, అంతకంటే దాని గురించి చెప్పడానికేమీ లేదు. టర్పెంటైన్ వాసన పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని అమ్మ ఎవరి దగ్గరో విందట. మా స్టూడియోలో కిటికీలు పెద్దవి, చేతికి గ్లోవ్స్ వేసుకుంటాను, వాసన తక్కువుండేది వాడుతున్నాను. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కూడా ఎక్కడ పడితే అక్కడ పారేయనివ్వరు, ఉండచుట్టి వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, అందుకని మూతున్న ఇనప డబ్బాలో వెయ్యాలి. ఈ సంగతి అమ్మకి చెప్పకు.

బరంపురం సంబంధం గురించి ఈ ఉత్తరంలో మాట్లాడను. లోను వాయిదాల సంగతి నాకు గుర్తుంది, మావయ్య హామీ సంతకం పెట్టాడన్నదీ గుర్తుంది, ప్రతి ఫోన్‌కీ గుర్తు చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. జనవరిలో నాయనమ్మ సంవత్సరీకానికి నేను వేసిన బొమ్మ పంపమన్నారు కదా. ఫ్రేము కట్టించడానికి కొలతలు కూడా అడిగావు. ఆ బొమ్మ ఇప్పుడు లేదు నాన్నా. పోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే గీకేశాను. దసరా వెళ్ళిన వారానికి, ఒక సాయంత్రం కూర్చుని, కత్తితో.

చదవడం ఆపకు. మొత్తం చెప్తాను.

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున నాయనమ్మ పోయినప్పుడు నేను రాలేకపోయాను. టిక్కెట్టుకి డబ్బుల్లేవన్నది నిజం, కానీ అదొక్కటే కాదు, వస్తే మళ్ళీ ఇక్కడికి రాబుద్ధి కాదని భయపడ్డాను. మీరంతా మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న రోజు నేను స్టూడియోలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ వారమే కాన్వాసు బిగించాను. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ ఒక్క బొమ్మే. అరుగు మీద నాయనమ్మా నేనూ తీసుకున్న సెల్ఫీ ఉంది కదా, అందులోంచి నన్ను తీసేసి తనని వేశాను. ఒక్కో వెంట్రుకా వేశాను. ఫోటో పంపితే మీరందరూ ఏడ్చారు, అత్త రెండు రోజులు అన్నం తినలేదని తమ్ముడు చెప్పాడు. అచ్చం అమ్మే, లేచి మాట్లాడుతుందేమో అనిపిస్తోంది అన్నావు నువ్వు. నువ్వలా అన్నందుకు నేను ఎంత పొంగిపోయానో నీకు తెలీదు. 25 ఏళ్ళలో నువ్వు నా బొమ్మ గురించి అన్న మొదటి మంచి మాట అది, అంతకుముందు ఎప్పుడూ గీత వంకరపోయిందనే అనేవాడివి.

సెప్టెంబరులో మా రూమ్మేట్, ఢాకా అమ్మాయి, స్టూడియోకి వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, మీ దగ్గర పైట కుడి భుజం మీద వేసుకుంటారా అని అడిగింది. లేదే, ఎడమ భుజం మీదే కదా అని నవ్వేశాను. తర్వాత చూశాను నాన్నా. పైట కుడి భుజం మీద ఉంది. నాయనమ్మకి ముక్కుపుడక కుడివైపు కదా, బొమ్మలో ఎడమవైపు ఉంది. నా పాత ఫోను సెల్ఫీని అద్దంలోలాగ తిప్పేస్తుంది. నేను నాలుగు నెలలు కూర్చుని తిరగబడిన నాయనమ్మని వేశాను. మీలో ఒక్కరికీ తెలీలేదు. మీ తప్పనడం లేదు. నాకే తెలీలేదు కదా, 20 ఏళ్ళు తన పక్కలో పడుకున్నదాన్ని.

అది దిద్దుకోవచ్చు కదా అంటావు. నేనూ అదే అనుకున్నాను. పుడకని అటు మార్చడానికి కుంచె తీసుకుని ముక్కు దగ్గర ఆగిపోయాను. ఆ వైపు పుడక కింద చర్మం ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు, ఫోటోలో లేదు కాబట్టి. అప్పుడర్థమైంది, నేను ఇన్నాళ్ళూ చూసింది నాయనమ్మని కాదు, ఫోన్ని. ఆ ఫోను మొహం మీద ముడతలు నున్నగా చేసేసే రకం కూడాను. తనకి ఆ బొమ్మ చూపిస్తే ఏమనేదో నాకు చెవిలో వినబడింది. "ఏటే గుంటా, ఇదెవుర్తి?" అనేది, నోట్లో అడ్డపొగ చుట్ట తీసి పక్కన పెట్టి మరీ.

గీకడం అనుకున్నంత తేలిక కాదు. మన బోర్డులకి వేసే ఎనామిల్‌లో టర్పెంట్ ఎగిరిపోయాక పైపొర గట్టిపడుతుంది కదా, ఆయిల్ రంగు నీళ్ళలా ఆరదు, గాలి పీల్చుకుని నెమ్మదిగా బిగుసుకుంటుంది, మందంగా వేస్తే నెలలు పడుతుంది. బుగ్గలూ నుదురూ మందంగా వేశాను కాబట్టి పైన తొక్క కట్టినా లోపల ఇంకా మెత్తగానే ఉంది, కత్తి పెడితే మీగడలా వచ్చేసింది. పల్చగా వేసిన చోట రాలేదు, మరకలా ఉండిపోయింది. అంతా గీకాక ఆ మొహమంతా కలిపి నిమ్మకాయంత ముద్దయింది. గోధుమ రంగులో. పారేయబుద్ధి కాక ఊరగాయ సీసాలో పెట్టాను. అమ్మ పంపిన ఉసిరికాయ సీసాయే, కడిగి పెట్టాను, అది అయిపోయింది, ఎవరైనా వస్తుంటే ఇంకోటి పంపమను.

నీకు కోపం వచ్చిందని తెలుసు.

కోపం వచ్చినా ఇంకొంచెం చదువు, ఎందుకంటే ఇక్కడికొచ్చాక నేనేం చేస్తున్నానో మీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. బాగా చదువుతున్నాను, మార్కులు బాగానే వచ్చాయి అని చెప్పి ఊరుకున్నాను. మార్కులు బాగా రాలేదు. మొదటి టర్మ్ బాగా వచ్చాయి, ఆ కథ వేరు.

విశాఖలో నాలుగేళ్ళు మాకు నేర్పింది ఎదురుగా ఉన్నది ఉన్నట్టు వెయ్యడం. ఇక్కడికి రాగానే, నీ ఊరి నుంచి ఏం తెచ్చావు అని అడిగారు. ఏం తెచ్చానో నాకూ తెలీదు, భయంలో సవరల గోడబొమ్మలు తెచ్చాను. జాజు రంగు కాన్వాసు, తెల్లటి సన్నని మనుషులు, చుట్టూ అంచు, లోపల ఏనుగు, నిచ్చెన, చెట్టు. అందరూ ఎగబడి చూశారు. నాకు మంచి మార్కులు వేశారు. ఇంటికొచ్చి నిద్ర పట్టలేదు. ఆ ఇడితాల్ బొమ్మని వాళ్ళు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తేనో, పెద్దలు పోతేనో, పంట వస్తేనో బియ్యప్పిండితో గోడ మీద వేస్తారు, పెద్దల కోసం, దేవతల కోసం. నేను గుమ్మ కొండల్లో ఒక్క సవర ఇంట్లో ఒక్క పూట కూర్చున్నదాన్ని కాదు. బస్టాండు గోడ మీద, గవర్నమెంటు ఆఫీసు ప్రహరీ మీద చూశానంతే, అందులో సగం నువ్వు కాంట్రాక్టుకి వేసినవే! గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే ఉండి వాళ్ళ భాష నేర్చుకుని, నిఘంటువు రాయడానికి ఏళ్ళకేళ్ళు పట్టింది, నేను మూడు వారాల్లో వాళ్ళ పెద్దల్ని తెచ్చి గ్లాస్గోలో మార్కులకి పెట్టాను. తర్వాత టర్మ్‌లో అవి ఆపేస్తానంటే మా సార్ ఆశ్చర్యపోయాడు, అవే కొనసాగించమన్నాడు. వద్దన్నాను. మార్కులు పడిపోయింది అప్పుడే.

ఇక్కడ క్రిట్ అని ఒకటుంటుంది. బొమ్మ గోడకి పెట్టి నువ్వు నోరు మూసుకుని నిలబడాలి, మిగతావాళ్ళు అరగంట సేపు దాని గురించి మాట్లాడుకుంటారు, నువ్వక్కడ లేనట్టే. మొదటిసారి నాకు పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. ఇప్పుడు అలవాటైంది, పైగా ఇష్టం కూడా, ఎవడు నిజంగా చూస్తున్నాడో, ఎవడు ఊరికే మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది.

ఆ మధ్య చాలా పిచ్చి పనులు చేశాను. రెండు నెలలు ఒక్క నీలమే వాడాను. కోడిగుడ్డు సొనలో రంగు కలిపి వేశాను (ఇది కూడా అమ్మకి చెప్పకు, కార్తీకమాసం). కాన్వాసుని నేల మీద పరిచి చీపురుతో వేశాను. ఇంకో పదిహేను రోజులు ఒడియా అక్షరాలూ తెలుగు అక్షరాలూ ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ పోయాను, ఒడియా వాటికి గొడుగు, మన వాటికి తలకట్టు, కలిపి రాస్తే ఏ భాషో ఎవరికీ తెలీదు, మనలాగే. ఇక్కడి గుంటూరు పిల్లలు నా మాట విని నువ్వు ఒడియానా అంటారు, ఒడియా వాళ్ళ రథయాత్ర భోజనానికి వెళ్తే నువ్వు తెలుగుదానివి కదా అంటారు. రెండు చోట్లా తిని వస్తున్నాను.

అప్పుడొక తమాషా జరిగింది. వర్క్‌షాపులో ఒకాయన పాత యూరప్ చిత్రకారుల పనిముట్టు అని ఒక కర్ర చూపించాడు, చివర గుడ్డ చుట్టిన ఉండ, ఎడం చేత్తో పట్టుకుని దాని మీద కుడి మణికట్టు ఆనించి సన్న గీతలు వేస్తారట. అందరూ వంతులవారీగా పట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నారు. నీ వెదురుకర్ర! అమ్మ పాత జాకెట్టు గుడ్డ చుట్టింది. నేను తీసుకుని ఒక్క గుక్కలో నిలువు గీత లాగితే ఆయన ఎక్కడ నేర్చుకున్నావన్నాడు. మా నాన్న సైన్‌బోర్డులు రాస్తాడని చెప్పాను. ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరికీ చెప్పలేదు నాన్నా. ఆర్టిస్టు అని చెప్పేదాన్ని. ఇది కూడా నీకు చెప్పాలనే రాస్తున్నాను.

మొన్న శుక్రవారం కార్తీక పున్నమి. మీరు నదిలో అరటి దొప్ప పడవలు వదిలారా? ఇక్కడ చంద్రుడు లేడు, వానే. ఫోన్లో బజారు రద్దీ వీడియో పెట్టాడు తమ్ముడు, అందులో కూడలి దగ్గర కొత్త ఫ్లెక్సులు చూశాను, మొహాలు నవ్వుతూ. నువ్వు దాని పక్కనుంచి సైకిల్ మీద వెళ్తున్నావు, అటు చూడకుండా.

"ఆ బొమ్మలెవరు కొంటారే" అని అమ్మ ఎప్పుడూ అంటుంది కదా, ఒక సంగతి చెప్పు తనకి. ఇక్కడ కెల్విన్‌గ్రోవ్ అని పెద్ద మ్యూజియం ఉంది, టిక్కెట్టు లేదు, చలికి నేను అక్కడికే పోతాను. అందులో సాల్వడార్ డాలీ వేసిన సిలువ మీద యేసు బొమ్మ ఉంది, పైనుంచి కిందికి చూస్తున్నట్టు. 1952లో ఈ ఊరివాళ్ళు 8,200 పౌండ్లు పెట్టి కొన్నారు. అప్పుడు పెద్ద గొడవ. ఆర్ట్ స్టూడెంట్లే వద్దని అర్జీ పెట్టారు, ఆ డబ్బు ఇక్కడి చిత్రకారులకి ఖర్చు పెట్టొచ్చు కదా అని. 1961లో ఒకతను వచ్చి దాన్ని చింపేశాడు కూడా, మళ్ళీ అతికారు. ఇప్పుడు జనం దాన్ని చూడ్డానికే వస్తారు. అందరూ డాలీలు అవుతారా అంటుంది అమ్మ. అవరు. అయినా ఆ అర్జీ పెట్టిన పిల్లలదే న్యాయమని నాకనిపిస్తుంది, బొమ్మ ముందు నిలబడితే మాత్రం ఆ మాట మర్చిపోతాను.

నాకు అంతకంటే ఎక్కువ నచ్చినావిడ ఒకరున్నారు. జోన్ ఎర్డ్లీ. 1921లో పుట్టింది, 1963లో పోయింది, 42 ఏళ్ళే. ఈ ఊరి పేదవాడల్లో ముక్కు కారే పిల్లల్ని వేసింది, తర్వాత కాటర్‌లైన్ అనే సముద్రం ఒడ్డు పల్లెకి వెళ్ళి తుఫానులో బయట నిలబడి వేసేది. ఎడిన్‌బరో వెళ్ళినప్పుడు ఆమె బొమ్మలు దగ్గర నుంచి చూశాను, రంగులో గడ్డిపరకలు, గింజలు అలాగే అంటుకుని ఉన్నాయి. తీసెయ్యలేదు. నేనైతే చిమటాతో ఏరేసేదాన్ని. ఆ రోజు రైల్లో తిరిగొస్తూ నాయనమ్మ మొహంలో నేను ఏమేం ఏరేశానో లెక్కపెట్టుకున్నాను. ముడతలు. పొగ మరక పట్టిన కింది పెదవి. ఎడమ కంట్లో శుక్లం. బొమ్మ చూసి మీరు ఏడ్చారు కానీ, మీరు కూడా అవన్నీ ఏరేసిన నాయనమ్మ కోసమే ఏడ్చారేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ఇలా అంటే అత్త నన్ను బతకనివ్వదు.

ఇప్పుడు అదే కాన్వాసు మీద మళ్ళీ మొదలుపెట్టాను. ఫోటో పెట్టుకోలేదు. కింద పాత మరక కనబడుతూనే ఉంటుంది, తిరగబడిన పుడకతో సహా, దాన్ని కప్పడం లేదు. మొహం ఇంకా రాలేదు. చేతులు వచ్చాయి, చుట్ట చుట్టే చేతులు. చర్మం దగ్గర ఆగిపోయాను. ఆయిల్ రంగుతో ముడతలు గీస్తే గీసినట్టే ఉంటున్నాయి, అట్లాసులో నదుల్లాగ.

అందుకని ఒక పని చేశాను, నువ్వు తిడతావు. హార్డ్‌వేర్ షాపుకి పోయి ఎనామిల్ డబ్బా కొన్నాను. నీకు గుర్తుందా, ఆ మిఠాయి కొట్టు బోర్డు? శ్రావణమాసం, వాన, మర్నాడే ప్రారంభం. కింది కోటు ఆరకుండానే దాని మీద మందంగా ఇంకో కోటు వేసేశావు, పొద్దున్నకి పసుపు రంగంతా ముడతలు పడిపోయింది, ముసలి చేతిలాగ. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చూడ్డానికి బాగుందని వేలు పెట్టబోతే చెంప మీద కొట్టావు. ఆ బోర్డు మొత్తం గీకి మళ్ళీ డబ్బు తీసుకోకుండా రాసిచ్చావు, ఆ నెల ఇంట్లో కిరాణా అప్పు. నాయనమ్మ నీతో మూడు రోజులు మాట్లాడలేదు, పిల్లని కొట్టావని.

నాకు ఆ ముడత కావాలి నాన్నా. నాలుగు ముక్కల మీద వేసి చూశాను. ఒకటి నున్నగా ఆరిపోయింది. ఒకటి పగిలింది. ఒకటి జిడ్డుగా ఉండిపోయి ఇంతవరకూ ఆరనే లేదు. నాలుగోదానికి ఒక మూల, రూపాయి బిళ్ళంత మేర, సరిగ్గా పడింది, కానీ ఎలా పడిందో నాకే తెలీదు. మా సార్లకి కూడా తెలీదు, పగలకుండా ముడత పడకుండా ఎలా వెయ్యాలో చెబుతారు, కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలని. ముడత పడేలా వెయ్యడం ఎవరూ చెప్పరు. నీకైతే తెలుసు, ఏ తప్పు చేస్తే పడుతుందో.

సంవత్సరీకానికి ఏం పెడదామంటావా, ఫ్లెక్సు వద్దని నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అత్త ఊరుకోకుండా ఆ సెల్ఫీనే ప్రింటు వేయించమంటే వేయించండి. కాకపోతే షాపువాడితో మిర్రర్ చేసి వెయ్యమని చెప్పు, వాడికి అర్థమవుతుంది. పుడక కుడివైపు వచ్చిందో లేదో చూసి అప్పుడు డబ్బులివ్వు. పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి అమ్మ వెళ్తే నా పేరున కూడా ఒక కొబ్బరికాయ కొట్టమను.

ఇవి మాత్రం రాసి పంపు. ఆ రోజు ఎనామిల్‌లో టర్పెంట్ ఎంత కలిపావు, అసలు కలపలేదా? మొదటి కోటుకీ రెండోదానికీ మధ్య ఎన్ని గంటలు? బోర్డు నిలబెట్టి ఉందా, పడుకోబెట్టావా? ముడత ముందు అంచుల్లో మొదలైందా, మధ్యలోనా? రాత్రి దీపం వేడి తగిలిందేమో కూడా గుర్తు తెచ్చుకో. ఫోన్ చెయ్యకు, నీ చేత్తో రాసి తమ్ముణ్ణి ఫోటో తీసి పెట్టమను. తిట్టాలనుకుంటే అదే కాగితం మీద కింద రాయి.

నీ
చిన్ని